కడ్డీ ముంచితే కాలకూటమే!

కృష్ణపట్నం తీరంలో ఆరోగ్యానికి తిరునాళ్లు జరగడం ఇది రెండోసారి. మొదటిసారి, 2021 మే నెలలో, ఆరోగ్యం ఊళ్లోనే కూర్చుంటే దాన్ని వెతుక్కుంటూ రాష్ట్రమంతా వచ్చింది. ఆనందయ్య కరోనా మందు కోసం అంబులెన్సులూ ఆటోలూ కార్లూ ముత్తుకూరు దారిలో బారులు తీరిన సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈసారి ఆరోగ్యమే మోటారుసైకిలెక్కి గడపగడపకూ వస్తోంది. మెడలో టై, వీపున సంచి, సంచిలో రెండు జతల లోహపు కడ్డీలు, జేబులో పెన్నంత మీటరు. అవి చాలవన్నట్టు ఇప్పుడు ఆల్కలైన్ అనే కొత్త మంత్రం కూడా నేర్చుకుని మరీ వస్తోంది.

ఆనాడు ప్రభుత్వం ఎంత జాగ్రత్తగా ఉందో గుర్తుచేసుకుంటే ముచ్చటేస్తుంది. జనం విరగబడగానే మందు పంపిణీ ఆపించారు. ఆయుష్ అధికారులు ఊరికొచ్చారు. అందులో వాడే దినుసులేమిటి, వండే తీరేమిటి, తిన్నవాళ్లు ఎలా ఉన్నారు అని ఆరా తీశారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక వచ్చాక, మే 31న, కంటి చుక్కలు ఆపి, కొన్ని మందులు ఇచ్చుకోవచ్చన్నారు. ఒకటి రెండుసార్లు నాలుక మీద వేసుకునే లేహ్యానికి ఇంత పరీక్ష. మంచిదే, జరగాల్సిందే. మరి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా పూటపూటా తాగే నీళ్లను పరీక్షించే పనో? అది నీళ్ల ఫిల్టర్లు అమ్మే, టై కట్టుకున్న కుర్రాడికి అప్పజెప్పారు.

కుర్రాణ్ని తిట్టే ఉద్దేశం ఇక్కడ ఎవరికీ లేదు. నెలకు ఇన్ని డబ్బాలు గోడెక్కించకపోతే వాడి జీతంలో కోత పడుతుంది. తిట్టాల్సింది వాడి చేతికి ఆ కడ్డీలిచ్చి పంపిన తెలివిని.

ఆ కడ్డీల ప్రదర్శన చూసినవాళ్లకు వర్ణన అక్కర్లేదు. అయినా అంతటి నాటకాన్ని ఒక్క మాటలో తేల్చేయడానికి చెయ్యి రావడం లేదు. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో ఇంటి బిందెలోంచి ముంచిన నీళ్లు, రెండోదాంట్లో కంపెనీ సీసాలోంచి వంచిన నీళ్లు. కంటికి రెండూ ఒకటే. కుర్రాడు కడ్డీలు ముంచి, ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేస్తాడు. కాసేపట్లోనే బిందె నీళ్లు పచ్చబడతాయి. తర్వాత గోధుమరంగు. ఆ తర్వాత ముద్దలు ముద్దలుగా మడ్డి, పైన నురగ. కంపెనీ నీళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు తేటగా చూస్తూ ఉంటాయి.

“ఏంది అబ్బయ్యా, ఇన్నాళ్లూ మేం తాగతా ఉండేది ఇదేనా?”

“ఇదే పెద్దమ్మా. ఇదంతా మీ కడుపులోకే పోతా ఉంది. కిడ్నీల్లో పేరుకుంటా ఉంది.”

పెద్దమ్మ మొహం చూసి కోడలి మొహం, కోడలి మొహం చూసి పక్కింటివాళ్ల మొహాలు పాలిపోతాయి. ఆ క్షణంలో వాయిదాల కాగితం బయటికొస్తుంది.

ఇంతకీ ఆ మడ్డి నీళ్లలోది కాదు. కడ్డీలోది. ఒక కడ్డీ ఇనుము, ఇంకోటి అల్యూమినియం. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి నీళ్లలోకి దిగుతుంది. అది ముందు ఆకుపచ్చగా, గాలి తగిలేకొద్దీ గోధుమరంగుగా మారుతుంది. వర్షంలో వదిలేసిన గొళ్లేనికి పట్టేది కూడా ఇదే. దాని పేరు తుప్పు. వానాకాలమంతా పట్టాల్సిన తుప్పును కరెంటు పెట్టి చిటికెలో పట్టించడం తప్ప ఆ ప్రదర్శనలో ఇంకేమీ లేదు. తేట గ్లాసులో ఎందుకు పట్టలేదంటే, ఆర్వో చేసిన నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. లవణాలు లేకపోతే కరెంటు సరిగా పారదు. కరెంటు పారకపోతే కడ్డీ కరగదు. బడి సామాన్యశాస్త్రం పుస్తకాల్లో విద్యుత్ విశ్లేషణ అని ఒక పాఠం ఉంటుంది. పరీక్ష రాసి మరిచిపోయిన పాఠం కదా, అదే ఇప్పుడు టై కట్టుకుని వచ్చి తలుపు కొడుతోంది.

నిజానిజాలు తేల్చుకోవాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. ఆ కంపెనీ తేట నీళ్లలోనే వంటింటి ఉప్పు చిటికెడు వేసి, “ఇప్పుడు ముంచు అబ్బయ్యా” అంటే చాలు. ఇంటి నీళ్లకన్నా ముందు అవే మురికి కక్కుతాయి. చిటికెడు ఉప్పులో అంత కాలకూటం ఉంటే పప్పుచారు తిన్న ఆంధ్రదేశం ఏనాడో తుడిచిపెట్టుకుపోయేది.

ఉప్పుతో ఆగడం ఎందుకు? ఉప్పేసిన మజ్జిగలో ముంచితే అదీ తప్పుతుంది. కొబ్బరినీళ్లలో ముంచితే అవీ తప్పుతాయి. ఇక విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డను బతికించే ఓఆర్ఎస్ ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు తాగించి వేలమందిని కాపాడిన ఉప్పు, పంచదార నీళ్ల సంతతి అది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. అంటే లవణాలే 7 గ్రాములు, గ్లూకోజు వేరు. దాంట్లో కడ్డీలు ముంచితే గ్లాసులో పుట్టే బీభత్సానికి పెద్దమ్మ మూర్ఛపోవాలి. లక్షల ప్రాణాలు నిలబెట్టిన ద్రవం ఈ కుర్రాడి పరీక్షలో సున్నా మార్కులతో తప్పుతుంది. ఊరి గుంటలోని నీళ్లు మాత్రం, వాటిలో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా సరే, లవణం తక్కువుంటే ఫస్టు క్లాసులో పాసవుతాయి.

అక్కడే ఉంది అసలు కిటుకు. కడ్డీలు పట్టేది ఉప్పును, ప్రాణం తీసేది సాధారణంగా కంటికి కనిపించనిది.

జేబులోంచి తీసే రెండో ఆయుధం టీడీఎస్ మీటరు. దాని మీద 480 అనో 700 అనో అంకె పడగానే “చూశారా” అంటారు. చూశాం. ఏం చూశాం? నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాలు మొత్తం ఎంతుంటాయో అంచనా కట్టిన అంకె అది. ఆ లవణాలేమిటో దానికి తెలియదు. ఎముకకు పనికొచ్చే కాల్షియమో, ఎముకను వంచే ఫ్లోరైడో దానికి పట్టదు. సంతలో జనం ఎందరున్నారో లెక్కపెట్టి, అందులో జేబుదొంగలు ఇందరని తేల్చే పోలీసు ఎలాంటివాడో ఈ మీటరూ అలాంటిదే.

కొంచెం లెక్క చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగేనీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. సీసం కూడా అంతే. ఈ మీటరు చూపించే అతి చిన్న అంకె 1. అంటే ఆర్సెనిక్ హద్దుకు వంద రెట్లు చేరినా మీటరు మీద మహా అయితే ఒక్క అంకె కదులుతుంది. క్రిమిసంహారక మందుల అవశేషాలకు అదీ కదలదు. బాక్టీరియాకు అసలు కదలదు. అదే ప్రమాణం టీడీఎస్ విషయంలో 500 దాకా బాగుందంటుంది, వేరే నీటివనరు లేనిచోట 2,000 దాకా ఓర్చుకోవచ్చంటుంది. టీడీఎస్ 500 లోపున్నచోట ఆర్వోలు అక్కర్లేదు, ఆపండి అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే 20న చెప్పింది. యంత్రంలోకి పోయిన నీళ్లలో కనీసం 60 శాతమైనా తాగడానికి దక్కాలనీ అంది. ఆ మాట కుర్రాడి పాంప్లెట్‌లో వెతికినా దొరకదు. దాని బదులు 50 ఉంటే అమృతం, 300 ఉంటే అనుమానం, 500 దాటితే ఆసుపత్రి అని మూడు రంగుల పట్టిక ఉంటుంది. ఆ పట్టిక ఎవరు తయారుచేశారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వింత ఇంకా అయిపోలేదు. లవణాలు బొత్తిగా లాగేస్తే నీళ్లు చప్పగా ఉంటాయి, పనికొచ్చే ఖనిజాలూ పోతాయి అని జనం గొణగడం మొదలుపెట్టాక కంపెనీలు టీడీఎస్ కంట్రోలర్ అని ఒక మర బిగించాయి. అది చేసే పని చాలా యంత్రాల్లో ఇంతే: మెంబ్రేన్‌లో వడగట్టని నీళ్లను కొంచెం పక్కదారిన తెచ్చి, వడగట్టిన నీళ్లలో మళ్లీ కలుపుతుంది. పదిహేనువేలు పోసి తీయించిన దాన్ని అదే పదిహేనువేలలో తిరిగి కలిపించుకోవడం. ఆ ఊరి బోరులో ఫ్లోరైడుంటే కలిసొచ్చేవాటిలో అదీ ఒకటి. ఏడాదికోసారి సర్వీసింగుకు వచ్చే కుర్రాడు ఆ మర తిప్పి, మీటరు పెట్టి, “90కి సెట్ చేశానమ్మా” అంటాడు. పెద్దమ్మ తల ఊపుతుంది.

ఆల్కలైన్ నీళ్ల గురించి ఎక్కువ రాస్తే వాళ్లకు ప్రచారం. కడుపులో ఊరే ఆమ్లం పీహెచ్ రెండు, మూడు ఉంటుంది. పీహెచ్ 9.5 నీళ్లు అక్కడికి చేరగానే వాటి క్షారమంతా చల్లారిపోతుంది. రక్తం పీహెచ్‌ను 7.35, 7.45 మధ్య నిలబెట్టే పని ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ చూసుకుంటాయి. వాటికి లక్ష రూపాయల మిషను సాయం అక్కర్లేదు. ఐఎస్ 10500 తాగేనీటికి పెట్టిన పై హద్దే 8.5. అంటే ప్రమాణం వద్దన్నదాన్నే ప్రత్యేకత అని ధర కట్టి అమ్ముతున్నారు. క్షారంలో క్యాన్సరు బతకదని చెప్పినందుకే ఓటో వార్‌బర్గ్‌కు నోబెల్ వచ్చిందట! 1931లో ఆయనకు నోబెల్ ఇచ్చింది కణశ్వాసలో పనిచేసే ఎంజైము రహస్యం విప్పినందుకు. ఆయన బతికుంటే ఈ పాంప్లెట్ల మీద దావా వేసేవాడు. హైడ్రోజన్ నీళ్లు, అయస్కాంతం నీళ్లు, మంచిమాటలు చెప్పి మురిపించిన నీళ్లు అంటారా? వాటికి ఒక దణ్ణం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కణ్నుంచి నవ్వు రాదు.

ఎందుకంటే కృష్ణపట్నం తీరంలో నీళ్లు నిజంగానే చెడ్డాయి. కుర్రాడు చెప్పే భయం అబద్ధమైనా, పెద్దమ్మ పడే భయం అబద్ధం కాదు. ఒకనాడు ఈ ఇసుకనేలలో దొరువు తవ్వుకుంటే తీపినీళ్లు ఊరేవి. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఊరేవి. వాన నీళ్లు ఇసుకలో ఇంకి, కింద బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు తీపినీళ్లుంటే కింద సుమారు 40 అడుగుల దాకా తీపినీళ్లు నిలుస్తాయని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు ఐరోపావాళ్లు వందేళ్ల కిందటే లెక్క కట్టారు. లెక్కకు రెండో వైపూ ఉంది. పైన ఒక్క అడుగు తోడేస్తే కింద 40 అడుగుల మేర ఉప్పు పైకి లేస్తుంది. దొరువు పైపైన ఊరిందే ముంచుకునేది. బోరు లోతుకు పోయి ఉప్పును పిలుచుకొస్తుంది. ఆ లెక్క తెలియకుండానే దొరువు తవ్వినవాళ్లు దాన్ని పాటించారు. లెక్క తెలిసిన ఇంజనీర్లున్న కాలంలో బోర్లు పడ్డాయి.

ఆ తర్వాత రొయ్య వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వి, ఉప్పునీళ్లు తెచ్చి పంటపొలాల మధ్య నిలబెట్టారు. గుంట కింద ఇసుక. ఇసుకలోంచి ఉప్పు ఎటు దిగుతుందో చెప్పడానికి శాస్త్రవేత్త కావాలా? తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు చదివితే నెల్లూరు జిల్లా పేరు అందులో కనిపిస్తుంది. కుర్రు అనే ఊళ్లో రొయ్యల ఫారాల వల్ల 600 మంది మత్స్యకారులకు తాగేనీళ్లు లేకుండా పోయాయనీ, జనం గొడవ చేశాక ట్యాంకర్లతో నీళ్లు తోలారనీ అందులో నమోదైంది. కొన్నిచోట్ల ఊరి తాగునీటి బావులున్న భూములనే కంపెనీలు కొనేశాయనీ, తమ బావి దగ్గరకు తామే పోలేని స్థితికి జనం వచ్చారనీ కూడా ఉంది. సంప్రదాయ పద్ధతివి తప్ప, తీరప్రాంత నియంత్రణ పరిధిలోని మిగతా గుంటలన్నీ పూడ్చేయమని ఆ తీర్పు ఆదేశించింది. పూడ్చారా? 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, తీర నియంత్రణ అడ్డు రొయ్యకు వర్తించకుండా దారి తెరిచింది. రొయ్యకు పార్లమెంటులో న్యాయం జరిగింది. కుర్రు ఆడవాళ్ల బిందెకు జరగలేదు.

అప్పుడు టై కట్టుకున్నవాడు ఎవడూ రాలేదు. మీ నీళ్లు చెడుతున్నాయి జాగ్రత్త అని కడ్డీ ముంచి చూపించినవాడు లేడు. నీళ్లు చెడ్డాకే అందరూ వచ్చారు, డబ్బాలు పట్టుకుని.

తర్వాత పోర్టు. 2008లో రేవు తెరుచుకుంది. బొగ్గు వచ్చింది. బొగ్గు వెంట థర్మల్ కేంద్రాలు, పంటపాళెం వైపు వంటనూనె రిఫైనరీలు. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇవాళ 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఈ తరహా సూపర్‌క్రిటికల్ బాయిలర్లకు పోసే నీళ్లు ఎలా ఉండాలో తెలుసా? లవణం దాదాపు సున్నా ఉండాలి. సిలికా పిసరంత ఉన్నా టర్బైను రెక్కలకు అంటుకుంటుంది. అందుకని ఆ నీళ్లను ఎడతెరిపి లేకుండా కొలుస్తుంటారు. అంకె ఒక్క గీత దాటితే అలారం మోగుతుంది, ఇంజనీరు పరిగెత్తుకొస్తాడు. టర్బైను కోట్ల ఖరీదు కాబట్టి దాని నీటికి గడియగడియకూ పరీక్ష. గోడవతల మనిషి నీళ్లకు పరీక్ష ఎప్పుడు? బొగ్గు కాలితే బూడిద. ఎక్కడి బొగ్గు బూడిదలోనైనా ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం లాంటివి ఎంతో కొంత ఉంటాయి. బూడిద చెరువులున్న చోట చుట్టుపక్కల బావుల నీళ్లను వాటికోసమే పనిగట్టుకుని పరీక్షించాలి. పెన్నంత మీటరుకు ఇవేవీ కనిపించవని పైనే చెప్పుకున్నాం.

వీటన్నిటికీ ప్రాయశ్చిత్తంగా కనిపెట్టింది ఆర్వో ప్లాంటు ప్రారంభోత్సవం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. దేనిమీద పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో సురక్షిత తాగునీరు కూడా ఉంది. ఇంకేం, రేకుల షెడ్డు, లోపల ఆర్వో యంత్రం, బయట బోర్డు. బోర్డు మీద దాత పేరు నీళ్ల ట్యాంకు కన్నా పెద్దది. రిబ్బను కత్తిరింపు, ఫొటో, ఇరవై లీటర్ల క్యాను ఎత్తి పట్టుకున్న నాయకుడు. దేశంలో ఏ పారిశ్రామిక వాడ చుట్టూ తిరిగినా ఇదే దృశ్యం. ఊరి నీళ్లు ఊరికి హక్కుగా ఉన్నంతకాలం ఎవరికీ ఫొటో దిగాలనిపించలేదు. అవి దానంగా మారాకే దండలు పడుతున్నాయి.

ఆ ప్లాంటు ఎక్కణ్నుంచి తోడుతుంది? ఊరి బోరులోంచే. ఒక లీటరు తాగేనీళ్లు తీయడానికి చిన్న యంత్రాలు రెండు మూడు లీటర్లు వదిలేస్తాయి. తీసిన ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలో చిక్కబడి ఉంటుంది. అది పక్క కాలవలోకి పోతుంది, కాలవలోంచి నేలలోకి, నేలలోంచి మళ్లీ బోరులోకి. పైగా అంత తోడినందుకు కిందినుంచి సముద్రం ఇంకాస్త పైకి. మామూలు ఇంటి యంత్రం డబ్బా మీద 2,000 టీడీఎస్ దాకానే అని రాసి ఉంటుంది. ఉప్పు అంతకు మించినచోట మెంబ్రేన్ మొరాయిస్తుంది. నెల్లూరు టౌనులో పెన్న నీళ్లొచ్చే ఇంట్లో ఈ యంత్రానికి పనిలేదు. పని ఉన్న తీరపు ఊళ్లో ఇది నాలుగు కాలాలు నిలవదు. రెండుచోట్లా అమ్ముడుపోతోంది.

పోనీ జిల్లాలో నీళ్లు లేవా? రాపూరు దగ్గర కండలేరు జలాశయం ఉంది, సామర్థ్యం 68 టీఎంసీలు. పైన సోమశిల, 78 టీఎంసీలు. 1983 ఏప్రిల్ ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి కాలవ తవ్వి, రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు నడిపించి, మద్రాసుకు ఏటా 12 టీఎంసీలు ఇవ్వాలన్నారు. 1996లో నీళ్లు సరిహద్దు దాటాయి. మద్రాసువాళ్ల దాహం తీర్చినందుకు ఎవరికీ అభ్యంతరం లేదు, సాటి మనుషులు. కానీ ఆ కండలేరే క్రీకుగా మారి సముద్రంలో కలిసేది కృష్ణపట్నం దగ్గర. 152 కిలోమీటర్లు కాలవ తవ్వే సత్తా ఉన్న ప్రభుత్వానికి, ఏరు సముద్రంలో కలిసే చోటున్న ఊళ్లలో ఏడాది పొడవునా తీపినీళ్లు ఒలికే కొళాయి నిలబెట్టడం అంత కష్టమా? 2014 అక్టోబరు 2న 2 రూపాయలకు 20 లీటర్లన్నారు. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ పేరుతో ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు, 2024కల్లా అన్నారు. ఇప్పుడు 2028 అంటున్నారు. క్యాను బండివాడు మాత్రం ఏ తేదీ చెప్పకుండా రోజూ పొద్దున్నే వస్తున్నాడు.

ఆ క్యాను సంగతి కూడా కొంచెం మాట్లాడాలి. ఆర్వోలో నీళ్లు కార్బన్ గుండా పోయేటప్పుడు క్లోరిన్ పోతుంది. కొళాయి నీళ్లకు చివరిదాకా కాపలా కాసేది ఆ క్లోరినే, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉండాలని ప్రమాణం. వాసన బాగాలేదని జనం మొహం చిట్లించేదీ దాన్ని చూసే. కాపలా లేని నీళ్లను, ఎన్నిసార్లు ఎవరి ఇంట్లో ఎండకు నిలబడిందో తెలియని ప్లాస్టిక్ క్యానులో పోసి, ఆటోలో వేసుకొస్తారు. లోపల గోడలకు చెయ్యి పెట్టి రుద్దితే జారుతుంది. ప్యాకేజి తాగునీటిని ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో అధిక ప్రమాదం ఉన్న ఆహారాల జాబితాలో పెట్టింది. సీలుంటేనే కదా ప్యాకేజి, మేం విడిగా పోస్తున్నాం అనే సందు ఇప్పటికే కొందరు కనిపెట్టేశారు.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది, గర్వపడలేనిది. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి శాస్త్రీయంగా నమోదుచేసింది ఈ జిల్లా ఊళ్లలోనే. షార్ట్ తదితర వైద్యులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో రాశారు. ఆ ఊళ్లుండే పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావి. 1970లో ప్రకాశంలోకి పోయాయి. అంటే ఏ నీళ్లలో ఏముందో ఊరూరా కొలవాలన్న పాఠం ఈ జిల్లాకు ఎనభై ఏళ్ల కిందటే అందింది. ఆ పాఠం నేర్చుకున్న లక్షణాలు ఎక్కడా కనబడవు. నల్లగొండ ఫ్లోరైడు కనిపించింది, ఉద్దానం కిడ్నీ జబ్బు కనిపించింది, 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఫిట్లతో పడిపోవడం కనిపించింది. ప్రతిసారీ మనుషులు మంచానపడ్డాకే నమూనాలు సీసాల్లోకెక్కాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారంతో మనుషులు చచ్చిపోయారు. అక్కడ చంపింది టీడీఎస్ కాదు. నీళ్లలో కలిసిన మలినం.

దాన్ని పట్టే పరీక్ష కూడా ఉంది, చౌకలో. గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు 1982లోనే రూపొందించారు. మందు కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలసంబంధమైన బాక్టీరియా ఉన్నప్పుడు నల్లబడుతుంది. ఈ నలుపును మాత్రం నమ్మొచ్చు, ఇది కడ్డీలోంచి వచ్చేది కాదు. కానీ రెండు రోజులాగే ఓపిక అమ్మేవాడికి లేదు. పైగా సీసా నల్లబడితే విరుగుడు పదిహేనువేల డబ్బా కాదు. క్లోరిన్, లేదా సలసలా కాగబెట్టడం. అందులో కమిషనేముంది?

ఫిల్టరు కొనొద్దని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. బోరులో ఫ్లోరైడో నైట్రేటో ఉప్పో హద్దు దాటిందని ప్రయోగశాల కాగితం చేతికొస్తే ఆర్వో పెట్టించుకోవాల్సిందే. కాగితం లేకుండా పెట్టించుకుంటే ఏ జబ్బుకో తెలియకుండా మందు మింగినట్టే. ఆ కాగితం ఇవ్వాల్సింది గ్రామీణ నీటి సరఫరా విభాగం. జల్ జీవన్ నియమాల ప్రకారమే నీటివనరుకు ఏడాదికోసారి రసాయన పరీక్ష, రెండుసార్లు బాక్టీరియా పరీక్ష జరగాలి. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో పరీక్షించడం నేర్పాలి. ఆ ఐదుగురు ఎవరో, కిట్టు ఎక్కడుందో, చివరి పరీక్షలో ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్ ఎంత వచ్చాయో, బాక్టీరియా ఉందో లేదో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించమని కృష్ణపట్నం, నేలటూరు, పంటపాళెం జనం అడగాలి. థర్మల్ కేంద్రాల చుట్టూ ఉన్న బావుల్లో ఆర్సెనిక్, సీసం, పాదరసం చూశారా, చూస్తే ఆ నివేదికలేవి అని విడిగా అడగాలి. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు కాబట్టి సమాచార హక్కు కింద రాసి అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.